చిన్నమ్మాయి వేసిన ముడి

శనివారం పొద్దున్న ఏడు కూడా కాకముందే తలుపు చప్పుడైంది. చిన్నమ్మాయి నోట్లో బ్రష్షుతోనే వెళ్ళి తీసింది. కింది వాటాలో ఉండే హెడ్మిస్ట్రెస్ గారు తలకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో పిన్నుల డబ్బాతో నిలబడి ఉంది.

"తలంటుకుని వచ్చేశాను. ఖాళీయేనా?"

"విందు సాయంత్రం ఏడింటికి కదా టీచర్ గారూ!"

"అందుకే పెందలాడే వచ్చాను. మధ్యాహ్నమైతే నీ దగ్గర రద్దీ."

"ఇప్పుడు వేస్తే పన్నెండు గంటలు అలాగే కూర్చోవాలి మీరు."

"కూర్చుంటాను. నువ్వు వేసింది ఎక్కడికీ పోదుగా" అంటూ ఆవిడ లోపలికొచ్చి, స్టూలు తనే లాక్కుని, వీపు ఇటు తిప్పి కూర్చుంది.

అదీ సంగతి. చిన్నమ్మాయి వేసింది ఎక్కడికీ పోదు. ఆమె జడ వేసినా, ముడి వేసినా, మళ్ళీ ఆమె చేత్తో విప్పితేనే విడుతుంది. గాలికి చెదరదు, వానకి జారదు, దాని మీదే పడుకుని దొర్లినా ఒక్క వెంట్రుక పక్కకి పోదు. ఇంకొకరు పిన్ను పట్టుకుని లాగితే పిన్ను రాదు. రబ్బరు బ్యాండు తెగదు. తొమ్మిదేళ్ళప్పుడు బళ్ళో పక్కన కూర్చున్న పిల్లకి సరదాగా రెండు జడలు వేస్తే, ఆ సాయంత్రం ఆ పిల్ల తల్లి పిల్లని రెక్క పట్టుకుని వీళ్ళింటికి తీసుకొచ్చి, "మీ అమ్మాయిని వచ్చి విప్పమనండి, మేం అన్నాలు తినాలి" అంది. అప్పటి నుంచీ అంతే. ఆ భవనంలో అద్దెకి దిగిన వాళ్ళకి, కరెంటు మీటరు ఎక్కడుందో, మంచినీళ్ళు ఎన్నింటికి వస్తాయో చెప్పేటప్పుడే ఈ సంగతి కూడా చెప్పేవారు. వాళ్ళు తలూపి, "విప్పడం మర్నాడు ఎన్నింటికి?" అని అడిగేవారు.

అందువల్ల విందులకీ వేడుకలకీ మంగళగౌరిలా అలంకరించుకుని వెళ్ళడం అందరి వంతూ, రెండు రోజులు నడుం పడిపోవడం చిన్నమ్మాయి వంతూ అయింది. ముందు రోజు బతిమాలుతూ వచ్చేవారు. మర్నాడు ఆవులిస్తూ వచ్చేవారు. "కాస్త త్వరగా తియ్యమ్మా, తల లాగేస్తోంది" అని, తప్పంతా ఆమెదే అన్నట్టు ముఖం పెట్టేవారు. వేడుక అయిన మర్నాడు ఆమె ఏ ఊరూ వెళ్ళింది లేదు, ఏ సినిమా చూసింది లేదు. ఎవరో ఒకరి తల బిగిసి ఉండగా ఎక్కడికని పోతుంది?

ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. అయినా ఇంట్లో రెండో సంతానం కాబట్టి చిన్నమ్మాయే. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో పని. అద్దాలని ఫ్రేముకి సరిపడేలా అంచులు అరగదీసి, పేనుగుడ్డంత మరలు బిగించి ఇస్తుంది. తండ్రి పని మానేసిన దర్జీ. అన్నయ్య నీళ్ళ సరఫరా ఆఫీసులో గుమాస్తా. వదిన ఇంటిపట్టునే ఉంటుంది. తల్లీ తనూ ఒక గదిలో పడుకుంటారు.

బుధవారం నాడు షాపాయన పిలిచి, వేరే ఊళ్ళో కొత్త షాపు తెరుస్తున్నాననీ, అక్కడి వర్కుషాపు మొత్తం ఆమె చేతికే అప్పగిస్తాననీ చెప్పాడు. సోమవారం పది గంటలకల్లా అక్కడుండాలి. రాలేనంటే ఇంకో కుర్రాడున్నాడు, అతన్ని పంపిస్తాడు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి రైలు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆ మాట చెప్పింది.

"మంచిదే" అన్నాడు అన్నయ్య, కంచంలోంచి తల ఎత్తకుండా.

"ఎంత దూరం?" అన్నాడు తండ్రి.

"శనివారం కాలనీ విందు కదా!" అంది వదిన.

తల్లి అడక్కుండానే చిన్నమ్మాయి కంచంలో ఇంకో గరిటె వడ్డించింది.

"అదే చెబుతున్నాను వదినా. ఈసారి నేను ఎవరి తలా ముట్టుకోను. ఎవరికి వాళ్ళు వేసుకోండి. ఇంట్లో వేసుకునే జడలు ఎన్ని లేవు? అన్నీ అయిదు నిమిషాల పనే."

"అయిదు నిమిషాల పనే అయితే నువ్వే వేసెయ్యొచ్చుగా" అంది వదిన, నిజంగానే అర్థం కానట్టు.

చిన్నమ్మాయి చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

అంత గట్టిగా చెప్పిన మనిషి శనివారం పొద్దున్న ఏడింటికి హెడ్మిస్ట్రెస్ గారి వెనక దువ్వెన పట్టుకుని నిలబడి ఉంది. ఏం చేస్తుంది? ఆవిడ తలంటుకుని వచ్చేసింది. తడి తలతో వెనక్కి పంపడానికి నోరు రాలేదు. "టీచర్ గారూ, ఇది ఒక్కటీ చూసి నేర్చుకోండి. ఇకమీదట మీరే వేసుకోవచ్చు" అంటూ మొదలుపెట్టింది. "జుట్టంతా కిందికి దువ్వి, మెడ దగ్గర వదులుగా రబ్బరు బ్యాండు పెట్టండి. బ్యాండుకి పైన జుట్టు మధ్యలో వేళ్ళతో చిన్న సందు చేసి, కింది జుట్టంతా ఆ సందులోంచి లోపలికి తిప్పెయ్యాలి. మిగిలిన కొసలు చుట్టి లోపలికి దోపి, రెండు పిన్నులు. అంతే. చూశారా?"

"ఎలా చూస్తానమ్మా, అది నా వెనకుంటే?" అంది హెడ్మిస్ట్రెస్ గారు.

ఆవిడ అన్నదీ నిజమే.

ఆవిడ మెట్లు దిగేటప్పుడు ఎదురింటావిడ ఎక్కుతోంది. ఎదురింటావిడ వెనక ఆవిడ చెల్లెలు. పదయ్యేసరికి గదిలో కొబ్బరి నూనె వాసన, షాంపూ వాసన, జుట్టుకి కొట్టే స్ప్రే వాసన కలిసిపోయి, తండ్రి పేపరు తీసుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయాడు. జుట్టు పల్చగా ఉన్నావిడకి అన్నయ్య పాత సాక్సు ఒకటి కొస కత్తిరించి, గుండ్రంగా చుట్టి, దాని మీద జుట్టు పరిచి లావుపాటి ముడి వేసింది. "అబ్బ, నాకింత జుట్టుందా!" అని ఆవిడ మురిసిపోయింది. "మీకు లేదండీ, మా అన్నయ్య సాక్సుకుంది" అంది చిన్నమ్మాయి. ఆవిడ వినిపించుకోలేదు. ఒకావిడ ఫోనులో బొమ్మ చూపించి అచ్చం అలాగే కావాలంది. ఆ బొమ్మలో అమ్మాయికి జుట్టు నడుం దాకా ఉంది, ఈవిడకి చెవుల దాకా. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా చెల్లుతుందంటారు. లేనమ్మకి ఏ ముడి వెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఆఖరికి చెవుల పక్కన రెండు పాయలు మెలిపెట్టి, వెనక్కి తెచ్చి కలిపి ఒక క్లిప్పు పెట్టి పంపించింది.

ప్రతి తలకీ పాఠం చెప్పింది. ప్రతి తలా ఊగింది. ఒకావిడైతే నిద్రపోయింది కూడా.

మూడింటికి వదిన వచ్చి కూర్చుంది. "నాకు అల్లిక జడ వెయ్యి, నెత్తి మీంచి పాయలు కలుపుకుంటూ వస్తావే, అది. నువ్వు వెళ్ళిపోతే మళ్ళీ ఎవరు వేస్తారు?"

"పొద్దున్నే విప్పించుకోవాలి వదినా. నువ్వు తొమ్మిదిన్నర దాకా లేవవు."

"లేస్తానులే. నన్నెందుకు అందరిలో జమకడతావు?"

ఆరున్నరకి గది ఖాళీ అయింది. చిన్నమ్మాయి వేళ్ళు పిన్నులు గుచ్చి గుచ్చి ఎర్రబడ్డాయి. నోట్లోంచి పిన్నులు తీసేసి గుక్కెడు నీళ్ళు తాగుతుంటే తల్లి గుమ్మంలో నిలబడింది. జుట్టు విరబోసుకుని ఉంది. అరవై రెండేళ్ళకి సగం తెల్లబడినా నడుం దిగిన జుట్టు.

"నీకు వెయ్యను" అంది చిన్నమ్మాయి.

"వెయ్యమన్నానా?" అంది తల్లి.

వెయ్యననడానికి కారణముంది. పదేళ్ళ కిందట చిన్నమ్మాయికి వేరే ఊళ్ళో కంటి ఆసుపత్రిలో ఏడాది శిక్షణకి సీటొచ్చింది. చేరాల్సిన రోజుకి కొద్ది రోజుల ముందే అన్నయ్య పెళ్ళి. పెళ్ళికి తల్లికి ముడి వేసింది. మర్నాడు అందరూ వచ్చి విప్పించుకున్నారు. తల్లి మాత్రం "రేపు చూద్దాంలే" అంది. మర్నాడు చుట్టాలున్నారంది. ఆ మర్నాడు తల నొప్పిగా ఉంది, ముట్టుకోవద్దంది. ముడితోనే పడుకునేది, ముడితోనే లేచేది. పక్క మీద ఎటు ఒత్తిగిల్లినా పిన్నులు గుచ్చుకుని రాత్రంతా మూలిగేది. అలాంటి తల్లిని వదిలేసి ఎలా వెళుతుంది? పంతొమ్మిదో రోజున ఆసుపత్రి నుంచి, మీ సీటు ఇంకొకరికి ఇచ్చేశామని ఉత్తరం వచ్చింది. ఆ మధ్యాహ్నమే తల్లి తనంతట తను వచ్చి స్టూలు మీద కూర్చుని, "విప్పవే" అంది. చిన్నమ్మాయి విప్పింది. ఆ సంగతి ఇంట్లో ఇంకెవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

తల్లి మంచం మీద కూర్చుని దువ్వెన తీసుకుంది. కుడి భుజం పట్టేసి ఆవిడ చెయ్యి సగం దాకానే లేస్తుంది. జుట్టు పక్కకి లాక్కుని ఏదో చుట్టింది. జారిపోయింది. మళ్ళీ చుట్టింది. ఈసారి ఒక పాయ లోపలే ఉండిపోయి ముడి చెవి మీదికి వచ్చింది.

"పోనీలే, నేను రాను విందుకి. మీరెళ్ళండి" అంది.

చిన్నమ్మాయి గోడ వైపు తిరిగి రెండు నిమిషాలు నిలబడింది. వెనక దువ్వెన కింద పడిన చప్పుడు. తల్లి వంగి తీసుకుంటున్న చప్పుడు. మళ్ళీ దువ్వెన కింద పడిన చప్పుడు.

"ఇలా తగలెయ్!" అని వెళ్ళి దువ్వెన లాక్కుంది. "పొద్దున్న ఎనిమిదింటికల్లా విప్పించుకోవాలి. రేపు మాపు అంటే కుదరదు."

"సరే."

"ఒట్టెయ్యి."

"తల్లితో ఒట్టేయించుకుంటారటే?"

ఒట్టు వెయ్యలేదు. ఆ సంగతి చిన్నమ్మాయి గమనించనే గమనించింది. అయినా మెడ మీదికి ఒద్దికగా ముడి చుట్టి అయిదు పిన్నులు గుచ్చింది.

విందులో అందరి తలలూ బాగున్నాయని అందరూ అందరితో అన్నారు. చిన్నమ్మాయి మూల కుర్చీలో కునుకు తీసింది.

ఆదివారం పొద్దున్న ఆరింటికే లేచి పెట్టె సర్దుకుని, స్టూలు గది మధ్యకి లాగి తలుపు బార్లా తీసి పెట్టింది. ఏడింటికి ఒకరూ రాలేదు. ఎనిమిదింటికి తనే మెట్లు దిగి ఒక్కొక్క తలుపూ కొట్టింది. "ఆదివారం కూడా పడుకోనివ్వరా?" అని లోపల్నించి మగవాళ్ళు విసుక్కున్నారు. హెడ్మిస్ట్రెస్ గారు కాఫీ పూర్తి చేసి వస్తానంది. సాక్సు ముడి ఆవిడ తన పుట్టింటికి ఫోటో పంపించాలి, ఇంకో గంట ఉండనిమ్మంది. "బండుందండీ నాకు!" అంటే, "పన్నెండూ నలభైకి కదా" అని టైము ఆవిడే గుర్తు చేసింది. తల ప్రాణం తోకకొచ్చింది చిన్నమ్మాయికి. మెట్ల మీదే కూర్చోబెట్టి, గుమ్మంలోనే నిలబెట్టి, ఒకావిణ్ణైతే పళ్ళు తోముకుంటూ ఉండగానే విప్పేసింది. వదిన తొమ్మిదీ నలభైకి లేచింది. "అయ్యో, లేపొచ్చుగా" అంది.

పదిన్నరకి ఒక్క తలే మిగిలింది. తల్లి ఇంట్లో లేదు.

"అమ్మ ఏదీ నాన్నా?"

"కూరలకి వెళ్ళిందేమో" అన్నాడు తండ్రి.

కూరల సంచీ మేకుకి వేలాడుతోంది. సందు చివరి దాకా వెళ్ళి చూసింది. పాలబూతు దగ్గర చూసింది. నాలుగు వాటాలూ తట్టి అడిగింది. పదకొండుంబావుకి డాబా ఎక్కింది. నీళ్ళ టాంకు వెనక, తల్లి బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. చుట్టూ తీగల మీద బట్టలు.

"ఏం చేస్తున్నావిక్కడ?"

"బట్టలారేస్తున్నా."

"అన్నీ ఆరేసేశావు. సగం ఆరిపోయాయి కూడా. రా, తల ఇటు తిప్పు."

"భోంచేసి చూద్దాంలే."

"అమ్మా, బండికి గంటన్నర కూడా లేదు."

"పట్టేసిందే తలంతా. ముట్టుకుంటే ప్రాణం పోతోంది. రెండ్రోజులాగితే అదే సర్దుకుంటుంది. మీ షాపాయనకి ఫోను చేసి చెప్పు, బుధవారం వస్తానని. మనుషులన్నాక…"

"పంతొమ్మిది రోజులు" అంది చిన్నమ్మాయి.

"ఏంటి?"

"అన్నయ్య పెళ్ళప్పుడు. పంతొమ్మిది రోజులు ఉంచావు. ఉత్తరం వచ్చిన మధ్యాహ్నం వచ్చి కూర్చున్నావు. నాకు తెలీదనుకున్నావా?"

తల్లి చేతిలో బట్టల క్లిప్పు ఒకటి ఉంది. దాన్ని తెరుస్తూ మూస్తూ ఉండిపోయింది.

"తెలిస్తే అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే ఏం చెప్పేదానివి?"

తల్లి క్లిప్పుని తీగకి తగిలించింది. "నువ్వెళ్ళిపోతే ఆ గదిలో నేనొక్కదాన్నే పడుకోవాలి. వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తారా?" అంది, గొణుగుతున్నట్టు.

"సెలవులకి వస్తాను. నువ్వూ రావచ్చు. ఇది జైలు కాదు, రైలు. రోజూ ఉంటుంది." చిన్నమ్మాయి వెనక్కి వెళ్ళి ముడి మీద చెయ్యి వెయ్యబోయింది. తల్లి రెండు చేతులూ పైకి తెచ్చి ముడిని కప్పేసుకుంది. పట్టేసిన భుజం కూడా అప్పుడు లేచింది.

చిన్నమ్మాయి ఆ చేతుల్ని చూసింది.

"మా అందరి జుట్టూ నీ చేతిలో ఉందంటారు వీళ్ళంతా నాతో. నా జుట్టు ఎవరి చేతిలో ఉందో ఒక్కళ్ళూ అడగరు. ఉంచుకో అమ్మా. అలాగే ఉంచుకో. నేను వెళుతున్నా."

దిగి వచ్చి పెట్టె తీసుకుంది. తండ్రి చొక్కా తొడుక్కుంటూ "దింపనా?" అన్నాడు. వద్దంది. అన్నయ్య స్నానాల గదిలోంచి "జాగ్రత్త!" అని అరిచాడు. బస్సులో నిలబడే వెళ్ళింది. కోపం మీద ఉండటం వల్ల పెట్టె బరువు తెలియలేదు.

రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఇంకా ఇరవై నిమిషాలుంది. కూర్చున్నాక కోపం కొంచెం కొంచెంగా దిగడం మొదలుపెట్టింది. కోపం దిగిన కొద్దీ ముడి గుర్తొచ్చింది. కుడివైపు పిన్ను చెవి వెనక ఎముకకి మరీ దగ్గరగా గుచ్చింది. విసురులో గుచ్చింది. తల్లి కుడివైపే ఒత్తిగిల్లి పడుకుంటుంది. ఇవాళ రాత్రికి మొదలవుతుంది మూలుగు. ఈసారి వినడానికి ఆ గదిలో ఎవరూ ఉండరు. పదిహేను రోజులు, నెల, ఎన్నాళ్ళని? పంతం వస్తే ఆవిడ ఏడాదైనా ఉంచుకోగలదు.

ఇంకా ఎనిమిది నిమిషాలు. చిన్నమ్మాయి లేచి పై పలక మీంచి పెట్టె దించింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా పెట్టె దించింది. తలుపు వైపు రెండడుగులు వేసి, కిటికీలోంచి బయటికి చూసి ఆగిపోయింది.

ప్లాట్‌ఫారం మీద తల్లి. తలకి తువ్వాలు చుట్టుకుని, ఒక్కొక్క కిటికీలోకి తొంగి చూస్తూ, లోపలి వాళ్ళ చేత తిట్లు తింటూ వస్తోంది. వెనక తండ్రి ఒగర్చుకుంటూ పరిగెడుతున్నాడు.

"అమ్మా! ఇటు! ఇక్కడ!"

"బోగీ నంబరు చెప్పి తగలడొచ్చుగా! ఎన్ని కిటికీలని వెతకాలి?" అంటూ వచ్చింది తల్లి. ముఖమంతా చెమట.

"కిటికీకి ఆనుకుని వెనక్కి తిరుగు. రెండు నిమిషాల్లో తీసేస్తాను."

"అక్కర్లేదు. ఇది పట్టుకో."

కిటికీ ఊచల మధ్య నుంచి ఒక పొట్లం తోసింది. పాత పేపర్లో చుట్టి, దారంతో కట్టిన పొట్లం. దారికి తినడానికి ఏదో అనుకుంది చిన్నమ్మాయి. కానీ చేతిలో బరువే తెలియలేదు.

"ఏంటిది?"

"నీదే. తీరికున్నప్పుడు విప్పుకో."

తల్లి తువ్వాలు లాగి ముఖం తుడుచుకుంది. మెడ బోసిగా ఉంది. జుట్టు చెవుల కింద వంకరటింకరగా, ఒక పక్క పొడుగూ ఒక పక్క పొట్టీగా తెగి ఉంది.

చిన్నమ్మాయి ఊచలు పట్టుకుని కిందికి వంగింది. "ఇదేం పనమ్మా!"

"మరేం చెయ్యమంటావు? నేను విప్పలేను, నువ్వు ఉండవు. ఇంకా ఎన్నాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగను?"

"నా కత్తెర!" అన్నాడు వెనక నుంచి తండ్రి, ఊపిరి అందుకుంటూ. "ముప్పై ఏళ్ళు గుడ్డ తప్ప ఇంకోటి తగలనివ్వలేదు దానికి. కాగితం కూడా తగలనివ్వలేదు. ఈవిడ చెప్పా పెట్టకుండా…"

"అరిగిపోయిందా మీ కత్తెర?" అంది తల్లి. తర్వాత కూతురి వైపు కాకుండా రైలు చక్రాల వైపు చూస్తూ, "పదేళ్ళ కిందటే తియ్యాల్సింది దాన్ని బయటికి" అంది.

రైలు కదిలింది. తల్లి కిటికీతో పాటు నాలుగడుగులు నడిచింది.

"అక్కడ ఎవరికీ చెప్పకు!"

"ఏంటి?"

"జడ వెయ్యడం వచ్చని. చెప్పావో, నీ పని అయిపోయినట్టే!"

ప్లాట్‌ఫారం దాటిపోయాక చిన్నమ్మాయి పెట్టె మళ్ళీ పైన పెట్టి కూర్చుంది. దారం తీసి పేపరు విప్పింది. లోపల ముడి ఉంది, నిన్న సాయంత్రం తను చుట్టింది చుట్టినట్టుగా, అయిదు పిన్నులతో, ఒక్క వెంట్రుక చెదరకుండా.

ఎదుటి సీటులో ఉన్నావిడ తొంగి చూసి, "సవరమా?" అంది.

"కాదండీ. మా అమ్మది."

"ఓహో" అని ఆవిడ కాళ్ళు పక్కకి తీసి చోటిచ్చింది.

చిన్నమ్మాయి ముందు కుడివైపు పిన్ను తీసింది. తర్వాత మిగతావి. ముడి మెత్తగా విడిపోయి, తెలుపూ నలుపూ కలిసిన జుట్టు ఆమె ఒళ్ళో పరుచుకుంది. ఎవరూ తొందరపెట్టకుండా, ఎవరూ ఆవులించకుండా ఆమె ఒక ముడి విప్పడం అదే మొదటిసారి. కళ్ళు తుడుచుకుని, జుట్టు మళ్ళీ పేపర్లో చుట్టుకుంది.

కొత్త ఊళ్ళో తల్లి మాట తు.చ. తప్పకుండా పాటించింది. షాపులో పనిచేసే అమ్మాయిలు ఏదైనా వేడుకకి తయారవుతూ, "అక్కా, నీకేమైనా వచ్చా?" అని అడిగితే, "నాకు అద్దాలు తప్ప ఏమీ రావు" అనేది. ఆదివారాలు ఎనిమిదింటి దాకా పడుకునేది. మొదట్లో ఏడింటికే ఉలిక్కిపడి లేచి, తలుపు ఎవరూ కొట్టలేదని తెలుసుకుని మళ్ళీ పడుకునేది.

ఇంటి దగ్గర భవనంలో, ఆమె లేకుండా వచ్చిన మొదటి వేడుక నాటికి గోల గోలైంది. ఒకరికొకరు జడలు వెయ్యబోయి, ఇద్దరు మాటలు మానేశారు. హెడ్మిస్ట్రెస్ గారు చిన్నమ్మాయి తల్లిని రెండు రోజులు పరీక్షగా చూసి, వెళ్ళి తను కూడా భుజాల దాకా కత్తిరించుకుని వచ్చింది. వదిన ఫోనులో వీడియోలు చూసి నేర్చుకుంది. ఆమె వేసింది ఇంటి గుమ్మం దాటేదాకా బాగానే ఉంటుందని అన్నయ్య చెప్పాడు.

ఎనిమిది నెలలకి మళ్ళీ కాలనీ విందు వచ్చింది. ఆ సాయంత్రం అయిదింటికి తల్లి ఫోను చేసింది.

"ఏమే, నా జుట్టు ఇప్పుడు భుజాల దాకా వచ్చింది. దీనికేం వెయ్యాలి?"

"వదినని వెయ్యమను."

"వేస్తానంది, నేనే వద్దన్నాను. నువ్వు చెప్పు, నేను వేసుకుంటాను."

"నీ భుజం?"

"చెయ్యి లేవకపోతే తల వంచుతాను. దానికేముంది?"

చిన్నమ్మాయి చేతిలో ఫ్రేమూ మరా పక్కన పెట్టింది. "సరే. ముందు చెవి పక్కనించి ఒక పాయ తీసుకో. లోపలికి మెలిపెట్టు."

"ఏ చెవి?"

"ఏదైనా ఒకటే."

"ఏదైనా ఒకటే అంటే ఎలా? ఒక చెవి చెప్పు."

"ఎడమ చెవి."

"ఎడమ చెవికి ఫోనుందే."

"స్పీకరు పెట్టమ్మా తల్లీ!"

అరగంట పట్టింది. మధ్యలో ఫోను రెండుసార్లు కింద పడింది. మెలిపెట్టిన పాయ ఒకటి పోయి ఎక్కడుందో దొరకలేదు. "కనిపించట్లేదే" అని తల్లీ, "నాకెలా కనిపిస్తుంది?" అని కూతురూ కేకలేసుకుంటుంటే, పక్కనున్న తండ్రి "ఇదిగో, ఇక్కడ" అని పట్టి ఇచ్చాడు. ఆఖరికి రెండు పాయలూ వెనక కలిశాయి. పిన్ను దిగింది.

"ఎలా ఉంది?" అంది చిన్నమ్మాయి.

"వంకరగా ఉంది" అంది తల్లి, గర్వంగా.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఫోను.

"ఊడిపోయింది."

"అయ్యో! ఎప్పుడు?"

"భోజనాల మధ్యలో. నలుగురిలో. పిన్ను వెళ్ళి హెడ్మిస్ట్రెస్ గారి గ్లాసులో పడింది. ఆవిడ చూడకుండా సగం తాగింది కూడా."

"ఇంకో పిన్ను ఎక్కువ పెట్టుకోవాల్సింది. అడ్డంగా గుచ్చితే…"

"ఎందుకే? హాయిగా ఉంది. ఇంటికొచ్చాను, దిండు మీద తల పెట్టాను, అంతే. ఇన్నేళ్ళలో విందుకెళ్ళొచ్చి అంత సుఖంగా నిద్రపోయింది లేదు. పక్క మంచం మీద మీ నాన్న సామాను పెట్టుకున్నారు. మిషనూ గుడ్డలూ అవీ. నువ్వొచ్చినప్పుడు తీసేస్తారులే."

"సరే అమ్మా."

"అన్నం తిన్నావా?"

"తిన్నాను. వచ్చే నెల సెలవు పెడదామనుకుంటున్నా, నువ్వేమైనా…"

"వచ్చినప్పుడు మాట్లాడుకుందాంలే, పొయ్యి మీద పాలున్నాయి" అని తల్లి ఫోను పెట్టేసింది.